లాభంతో మొదలయ్యే లెక్క

బాబాయిగారు పోయారని ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున్నే కొట్టు తెరిచి, దీపం పెట్టి, కుర్చీలో కూర్చున్నవారు అలాగే ఒరిగిపోయారట. "నాన్నగారు వెళ్లిపోయారండి మేడమ్," అని, "మరి పెట్టె ఏం చెయ్యమంటారండి?" అన్నాడు. ఆ దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆ పెట్టె వాళ్లింట్లో అంత మనిషి అయిపోయింది. దహనానికి ముందే ఛాతీలోని పేస్‌మేకర్ తీయించాలని, లేకపోతే మంటలో పేలుతుందని చెప్పి, పెట్టె మాత్రం వీలున్నప్పుడు పంపమన్నాను.

నేను ఏలూరులో ఒక గుండె ఆసుపత్రిలో టెక్నీషియన్ని. పేస్‌మేకర్ పెట్టించుకున్న పెద్దవాళ్ల గుండె ఎలా ఉందో ఇక్కడ కూర్చుని కనిపెట్టుకుని ఉండడం నా పని. వాళ్ల మంచం పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. వాళ్లు నిద్రపోతున్నప్పుడు అది ఛాతీలోని మెషీన్ నుంచి సంగతులన్నీ తీసుకుని మాకు పంపుతుంది. పొద్దున్నే నేను కంప్యూటర్లో చూస్తాను. తాడేపల్లిగూడెంలో మరమరాలు, అటుకులు అమ్ముకునే బాబాయిగారు నాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. అయినా ఏళ్ల తరబడి నా కాఫీ ఆయన గుండెని చూశాకే.

ఆయనకి పేస్‌మేకర్ పెట్టాల్సి వచ్చింది కొట్లో కళ్లు తిరిగి పడిపోయినందుకు. "మరమరాల బస్తా మీద పడ్డాను కాబట్టి సరిపోయిందమ్మా, ఇటికల వ్యాపారం అయ్యుంటే ఆ రోజే పోదును," అనేవారు. పోబోయిన ప్రాణం గురించి అంత తేలిగ్గా మాట్లాడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇంటికి పంపేముందు రోజూ నాడి చూసుకోవడం నేర్పిస్తాం. నేను గడియారం పట్టుకున్నాను, ఆయన మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని మొదలెట్టారు. "లాభం, రెండు, మూడు..." నేను ఆపేశాను. మందుల మత్తు ఇంకా దిగలేదేమోనని భయం వేసింది. "ఒకటి ఏదండీ బాబాయిగారూ?"

"ఒకటేమిటమ్మా, కుంచంతో కొలిచేవాడు మొదటిది లాభం అనే అంటాడు. నోరు అలా తిరిగిపోయింది."

సరే, కానివ్వండన్నాను. ఆరు దాకా బాగానే వచ్చింది. తర్వాత "ఆరున్నొక్కటి" అన్నారు. ఏడు అంటే ఏడుపు వినిపిస్తుందట, కొట్లో ఆ మాట అనరట! ఆ పొడుగు మాట పలికేలోపు ఆయన గుండె రెండుసార్లు కొట్టేసేది. అందుకే ఆయన లెక్క ఎప్పుడూ పెట్టె లెక్క కంటే తక్కువే. రెండింటిలో ఏది నమ్మాలని అడిగితే, "నమ్మకానికి పెట్టె, సంతోషానికి నేనూ," అనేవారు.

ఆయనకి ఉన్న కోరిక ఒక్కటే, కొట్లో కూర్చోవాలి. కొడుకు వద్దనేవాడు, భయంతోనే. డాక్టరుగారు మధ్యే మార్గం చెప్పారు, రాత్రిళ్లు పెట్టె నుంచి సమాచారం సరిగ్గా వస్తున్నంతకాలం కూర్చోవచ్చని. అప్పటినుంచి బాబాయిగారు ఆ పెట్టెని కొట్టు తాళంచెవి అంత భద్రంగా చూసుకున్నారు.

ఒక దసరాకి అది మూగబోయింది. రెండు రాత్రులు ఆయన పేరు పక్కన ఖాళీ. కంగారుగా ఫోన్ చేశాను.

"బానే ఉన్నానమ్మా. నవమినాడు కుంచంతో పాటు దాన్నీ పూజలో పెట్టాను. పనిముట్టే కదా, ఏడాదికోసారి దానికీ సెలవుండొద్దూ?"

"దానికి సెలవిచ్చి నా ప్రాణం తోడేశారండీ! ఇప్పుడైనా తీసి మంచం దగ్గర పెట్టండి."

"ఉద్వాసన చెప్పేసరికి మంగళవారం వచ్చిపడింది. మంగళవారంపూట పూజలోంచి ఎలా తీస్తానమ్మా?"

కొడుకు ఫోన్ లాక్కున్నాడు. "ఇంక కొట్టు కట్టేస్తామండి మేడమ్. ఈ వయసులో ఇదంతా ఏం లాభం?"

వెనకనుంచి గొంతు వినిపించింది. "లెక్క మొదలెట్టేదే దానితో కదరా!" నవ్వుతూనే అన్నారు కానీ ఆ గొంతులో వణుకుంది. అలా ఆయన భయపడగా విన్నది ఆ ఒక్కసారే.

నాకు పట్టుదల వచ్చింది. పెట్టె కదపొద్దు, అక్కడే ప్లగ్గు పెట్టండి, ఈ రాత్రికి బాబాయిగారి పక్క దేవుడిగది గుమ్మం దగ్గర వెయ్యండి అన్నాను. ఛాతీలోని మెషీన్ దేన్నీ మర్చిపోదు, పెట్టె అడగగానే దాచుకున్నదంతా ఇచ్చేస్తుంది. మర్నాడు పొద్దున్న, పోయిన రాత్రులతో సహా మొత్తం వచ్చింది. గుండె నిమ్మళంగా ఉంది. కొడుక్కి ఫోన్ చేసి చెప్పేసరికి వెనక కొట్టు షట్టర్ ఎత్తుతున్న చప్పుడు వినిపించింది. చివరి పొద్దున కూడా ఆయన కూర్చున్నది ఆ కొట్లోనే. అందుకు నాకు గర్వంగానే ఉంది.

దూరాన ఉన్న మనిషిని కనిపెట్టుకుని ఉండడం యంత్రం పని అనుకునేదాన్ని. ఎదటి మనిషికి ఏది ఆశో తెలియకపోతే తెరమీద గీతలు చూసి చేసేదేమీ లేదని ఆయన వల్ల తెలిసింది. నేను ఆయనకి రుణపడి ఉన్నాను.

మొన్న పెట్టె వచ్చింది. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. తుడవబుద్ధి కాలేదు.

అదే రోజు కొల్లేటికోట నుంచి ఒక మామ్మగారు వచ్చారు, కొత్తగా పేస్‌మేకర్ పెట్టించుకున్నావిడ. చెయ్యి చల్లగా ఉంది. "ఈ వయసులో నాకివన్నీ ఏం లాభం అమ్మా?" అన్నారు. నాడి మీద వేళ్లు పెట్టాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "లాభం."

మామ్మగారు చప్పున తలెత్తి చూశారు. కళ్లంలో ధాన్యం కొలిచిన ఇంటి మనిషి కాబోలు, "రెండు," అన్నారు. మూడు, నాలుగు, ఇద్దరం కలిసే వెళ్లాం. ఆరు దగ్గర ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఆరున్నొక్కటి," అన్నాం ఇద్దరం. ఆ మాట పూర్తయ్యేలోపు ఆవిడ గుండె మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. నవ్వుకుని మళ్లీ లాభం దగ్గర మొదలెట్టాం.