పసుపు మూటలు పెట్టిన పెట్టుబడి

2021 నవంబరు. జగిత్యాలలో ఒక విత్తనాల దుకాణం మీది గదిలో నా కార్యాలయం ఉండేది. సహకార బ్యాంకులో ఉద్యోగ విరమణ చేసిన తరువాత నేను ఎంచుకున్న పని ఒక్కటే: సోషల్ ఎంటర్‌ప్రైజ్‌లకు, అంటే లాభంతో పాటు పదిమంది బతుకుదెరువును కూడా లక్ష్యంగా పెట్టుకున్న చిన్న వ్యాపారాలకు, పెట్టుబడి సమకూర్చడం. కేసుకు ఒక ఫైలు, మాటకు ఒక తేదీ నా పద్ధతి. ఇన్ని ఫైళ్లలో పదిహేడవది మాత్రం నాకు ఎప్పుడు గుర్తుకు వచ్చినా పొగమంచులోనో, ఆవిరిలోనో కదులుతున్నట్టు కనబడుతుంది. అందుకే ఈ జ్ఞాపకాన్ని ఫైలు పక్కన పెట్టుకొనే రాస్తున్నాను.

కోరుట్ల వైపు ఒక పల్లె నుంచి రాజవ్వ వచ్చింది. యాభై దాటిన మనిషి, పదకొండుమంది ఆడవాళ్ల జట్టుకు పెద్ద. ఎవరికీ గుంట భూమి లేదు. పసుపు తవ్వకం అయ్యాక రైతుల చేలల్లో పొయ్యిలు తవ్వి, పెద్ద ఇనుప కడాయిలలో కొమ్ములు ఉడకబెట్టడం వాళ్లకు ఏడాదిలో దొరికే పెద్ద పని. రెండేళ్లుగా బయటి వ్యాపారులు ఆవిరి బాయిలర్లు తెస్తున్నారు. కడాయికి సగం పూట పట్టే పని బాయిలర్ గంటలోపే చేస్తుంది. ఈ జట్టే ఒక బాయిలర్ కొనుక్కోకపోతే వచ్చే సీజనులో ఆ పదకొండు ఇళ్లకు పని లేదు.

వాళ్లు ఊరికే రాలేదు. సిరిసిల్లలో వేణు అనే ఫ్యాబ్రికేటర్, అద్దకం యూనిట్లకు బాయిలర్లు చేసేవాడు, వాళ్ల కోసం ట్రాలీ మీద నడిచే చిన్న బాయిలర్ మొదలుపెట్టాడు. పొదుపు సంఘం నుంచి తెచ్చిన డబ్బంతా అతనికి అడ్వాన్సుగా ఇచ్చేశారు. మిగిలినది జనవరి చివరికల్లా ఇవ్వాలి. ఇవ్వకపోతే కొనడానికి ఒక బయటి వ్యాపారి సిద్ధంగా ఉన్నాడు. అంటే వీళ్ల డబ్బుతో మొదలైన బాయిలర్ వీళ్ల ఊరికే వచ్చి వీళ్ల పనినే తీసుకుంటుంది.

కరోనా తరువాతి కాలం. పసుపు ధర పడిపోయి ఉంది. నేను సిరిసిల్ల వెళ్లిన రోజు సగం మగ్గాలు ఆగి ఉన్నాయి. మిగిలిన మగ్గాల చప్పుడు ఎక్కడో దూరంగా పడుతున్న వానలా వినిపించింది. తాకట్టు లేకుండా అప్పు ఇవ్వలేమని మూడు బ్యాంకులు చెప్పాయి, తేదీలు నా దగ్గర ఉన్నాయి. చివరికి హైదరాబాదులోని ఒక ఇంపాక్ట్ ఫండ్‌కు ప్రాజెక్ట్ రిపోర్ట్ పంపాను. సమాజానికి మేలు చేసే సంస్థలలో వాటా తీసుకుని పెట్టుబడి పెట్టే నిధి అది.

రాజవ్వను పక్కన కూర్చోబెట్టుకుని చేసిన వీడియో కాల్‌లో ఒక యువ అధికారిణి చాలా మర్యాదగానే మాట్లాడింది. మూడవ ప్రశ్నకే ఎగ్జిట్ గురించి అడిగింది. పెట్టిన వాటాను కొన్నేళ్లకు లాభంతో అమ్ముకుని బయటికి వెళ్లే దారిని ఆ పేరుతో పిలుస్తారు. నేను దానిని రాజవ్వకు వివరించాను. ఆమె తెరవైపు చూసి అన్నది:

“ఇంక రానేలేదు, అప్పుడే పోవుడు ముచ్చటేంది సారూ?”

అధికారిణి నవ్వింది. రాజవ్వ నవ్వలేదు. తరువాత డ్యూ డిలిజెన్స్, అంటే పెట్టుబడికి ముందు చేసే నిజనిర్ధారణ, గురించి చెప్పారు. కనీసం ముప్పైమంది రైతులు బాయిలర్ వాడుకుంటామని సంతకం చేసిన ఒప్పందాలు కావాలన్నారు. అది న్యాయమైన కోరికేనని నాకు తోచింది. నా పొరపాటు అక్కడ మొదలైంది.

రాజవ్వ జట్టుకు ఒక అలవాటు ఉంది. ఉడకబెట్టే వంతు ఖాయం చేసుకోదలచిన రైతు తన చేను మూలన ఒక మొక్క పీకి, రెండు పచ్చి కొమ్ములు పాత గుడ్డ పేలికలో కట్టి ఆమె చేతిలో పెడతాడు. ఆమె దానిని తన ఇంటి దూలానికి వేలాడదీస్తుంది. మూటల వరుసే వంతుల వరుస. రైతు వంతు వచ్చిన రోజున అతని మూట విప్పి, ఆ కొమ్ములను అతని పసుపులోనే కలిపి ఉడికిస్తారు. నేను వెళ్లిన పొద్దున ఆ దూలానికి ముప్పైనాలుగు మూటలు ఉన్నాయి. తలుపు సందులోంచి వచ్చే పలుచని ఎండలో అవి గూళ్లకు చేరిన పిట్టల్లా కనిపించాయి. నేను వాటిని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, ఇది రికార్డు కాదని ఆమెకు చెప్పాను. జగిత్యాలలో ఒప్పంద పత్రాలు అచ్చు వేయించి ఇచ్చాను.

పది రోజులకు మళ్లీ వెళ్లాను. సంతకాలు నాలుగు వచ్చాయి. దూలానికి మూటలు పదమూడు మిగిలాయి. కాగితం చూసి రైతులు ఒక్కొక్కరే వచ్చి తమ మూటలు తీసుకుపోయారు. రాజవ్వ నా మీద కోపగించుకోలేదు. మిగిలిన పత్రాలను చక్కగా మడిచి నా చేతికి తిరిగి ఇచ్చింది.

“నీ కాయితం మంచిదే సారూ. గని అది మా ఊళ్లె మొలువది.”

ఆ నాలుగు పత్రాలే ఫండ్‌కు పంపాను. ఆ వారమే వాళ్ల జవాబు వచ్చింది: గిరాకీ రుజువు కాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పసుపు చేనులో ఒక్కసారి అడుగు పెట్టకుండా, ఒక్క రైతుతో మాట్లాడకుండా గిరాకీ లేదని తేల్చడం ఏమి నిర్ధారణ? రెండు పేజీల ఘాటైన ఉత్తరం రాశాను. పంపే ముందు ఫైలు మొదటి నుంచి చదువుకున్నాను. గిరాకీ లేదనడానికి వాళ్లకు ఆధారం ఇచ్చింది నేనే. ఉత్తరం పంపలేదు, ఫైలులోనే ఉంది.

మూటలు తీసుకుపోయినవాళ్లందరి దగ్గరికి వెళ్దామని రాజవ్వతో అన్నాను. మొదట గంగన్న అనే ముసలి రైతు చేనుకు వెళ్లాం. మంచు ఇంకా విడవలేదు. నడుము ఎత్తు పసుపు ఆకుల మీద నిలిచిన మంచులో ఆయన తల ఒక్కటే తేలుతున్నట్టు కనిపించింది. పత్రాలు పెట్టడం నా తప్పని ఒప్పుకున్నాను.

“రాజవ్వ చేతిల మూట వెట్టినంక మల్ల సంతకమేంది?” అన్నాడాయన. “మొన్న బ్యాంకోళ్లు గూడ ఒక్క సంతకమే అన్నరు. ఇయ్యాల్టికి తిరుగుతున్న.”

అప్పుడు మొదటిసారి ఒక రైతుకు సంగతంతా విడమరిచి చెప్పాను: బాయిలర్, జనవరి గడువు, హైదరాబాదు వాళ్ల జవాబు. ఆయన ఆకుల మీది మంచును అరచేత్తో తుడుస్తూ విన్నాడు.

“గా మిషన్ల ఉడికేది ఎవల పసుపు?”

“మీదే.”

“మరి పట్నమోళ్లను అడిగినవ్. మమ్ములనెందుకు అడగలే?”

అప్పటివరకు రైతులు నా రిపోర్టులో గిరాకీ అనే అధ్యాయంలో ఉన్నారు. పెట్టుబడి అనే అధ్యాయంలోకి వాళ్లను రానివ్వాలని నాకు తోచనే లేదు. రాబోయే రెండు సీజన్ల ఉడకబెట్టే కూలి ముందే ఇస్తానని, రేటు మాత్రం పెంచవద్దని గంగన్న అన్నాడు. రాజవ్వ అక్కడే ఒప్పుకుంది. మా వృత్తిలో దీనిని కస్టమర్ అడ్వాన్స్ అంటారు. వాడుకునేవాడే ముందుగా చెల్లించి వస్తువును నిలబెట్టడం అన్నమాట. వాటా అమ్మనక్కర లేదు, ఎగ్జిట్ అసలే లేదు. ముప్పై ఏళ్లు ఆ మాట తెలిసి కూడా నేను దానిని ఎరువుల కంపెనీల సంగతిగానే చూశాను.

అందరూ ఇవ్వలేదు. కొందరు ఒక్క సీజనుకే ఇచ్చారు. ఒక కౌలు రైతు భార్య తన దగ్గర డబ్బు లేదని, బాయిలర్‌కు కట్టెలు ఇస్తానని చెప్పింది. మూటలు తీసుకుపోనివాళ్లను కూడా కలుపుకుని మొత్తం ముప్పై ఒక్కమంది. అయినా వేణుకు ఇవ్వవలసినది కొంత తక్కువ పడింది. గడువుకు రెండు రోజుల ముందు సిరిసిల్లకు వెళ్లి ఉన్నంత ఇచ్చాం. అతను లెక్కపెట్టకుండానే బల్ల సొరుగులో పెట్టాడు.

“మిగిలినయి సీజను అయిపోయినంక ఇయ్యి అవ్వా. మగ్గాలు ఆగినంక నా దుకాణంల మల్ల కొలిమి ముట్టిచ్చింది మీరే.”

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున బాయిలర్ గంగన్న చేనులో నిలిచింది. గొట్టంలోంచి ఆవిరి పసుపు నింపిన డ్రమ్ముల్లోకి దూకి, పైకి లేచి, మంచుతో కలిసిపోయింది. ఏది మంచో ఏది ఆవిరో తెలియని ఆ తెలుపులో పదకొండుమంది ఆడవాళ్లు కనబడుతూ, మాయమవుతూ, మళ్లీ కనబడుతూ తిరిగారు. లోకమంతా పచ్చి పసుపు వాసన వేసింది. రాజవ్వ, గంగన్న మళ్లీ తెచ్చి ఇచ్చిన మొదటి మూట విప్పి రెండు కొమ్ములను డ్రమ్ములో వేసింది. ఆ తరువాత మరో గుడ్డ సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. రెండవ సీజనుకు వంతు కట్టిన వాళ్ల మూటలు.

“రాసుకునుడు నీ పని గద సారూ. అచ్చే యేటిదాక నీ దగ్గర్నే ఉంచు.”

ఆ మూటలను పదిహేడవ ఫైలు మీద పెట్టాను. నా ఫైళ్లలో పెట్టుబడిదారు పేరుకు ఒకే గీత అచ్చు వేయించి ఉంటుంది. ముప్పై ఒక్క పేర్లు అందులో పట్టక వేరే కాగితం అతికించాను. కట్టెలు ఇచ్చిన ఆమె పేరు కూడా అందులో ఉంది. అప్పటి నుంచి ఎవరు వచ్చినా, రిపోర్టు మొదలుపెట్టే ముందు, వాళ్లు చేసే వస్తువును వాడుకునేవాళ్లను పరిచయం చేయమని అడుగుతున్నాను. పెట్టుబడి ఎక్కడ ఉందో వాళ్లకు తెలిసి ఉండవచ్చు. కనీసం అడగడం మన బాధ్యత.

మరుసటి ఏడు రాజవ్వ వచ్చి మూటలన్నీ లెక్క ప్రకారం తీసుకుపోయింది. పచ్చి కొమ్ముల రసం అట్టలోంచి దిగి పదిహేడవ ఫైలులో ప్రతి పుట అంచునూ పసుపు చేసింది. ఫండ్ వాళ్ల జవాబుకూ, నేను పంపని ఉత్తరానికీ కూడా ఆ రంగు అంటింది.