గుయ్‌మనే వాచీ కోసం చింతామణి దాకా

ఉదయం ఏడింటికి చిక్కబళ్ళాపురంలో బాగేపల్లి బస్సెక్కేటప్పటికి నా జేబులో ఒక చచ్చిన వాచీ ఉంది. పాతకాలపు శృతిదండం వాచీ, అంటే ట్యూనింగ్ ఫోర్క్‌తో నడిచేది. దీనికి కీ ఇవ్వనక్కర్లేదు. లోపల అగ్గిపుల్లంత కూడా లేని శృతిదండాన్ని బ్యాటరీ కరెంటుతో రెండు రాగితీగ చుట్టలు ఊపుతుంటాయి. ఆ ఊపుకి కంటికానని పళ్ళచక్రం ఒక్కో పన్నూ జరుగుతుంది. టిక్కుటిక్కు ఉండదు, చెవికి పెట్టుకుంటే తుమ్మెదలా గుయ్‌మంటుంది. ఇలాంటివి కొన్ని పోగుచేశాను, విప్పి బిగించడమూ నేర్చుకున్నాను. ఈ పనిలో నన్ను మించినవాడు మా జిల్లాలో ఉంటే రమ్మనండి, కాఫీ నేనే ఇప్పిస్తాను. ఈ ఒక్కదానికే తీగచుట్ట తెగింది. కొత్తది ఇప్పుడెవరూ తయారుచేయరు.

బస్సులో పక్కనున్న పెద్దాయన టైమడిగాడు. వాచీ నడవదని చెప్పాను.

“నడవని గడియారానికి టికెట్ తీసుకొని తిప్పుతాండావా? బలే మనిషివప్పా,” అన్నాడు.

ఎనిమిదిన్నరకి బాగేపల్లి. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, పాత పరిచయమున్న వాచీ రిపేరు అంగడికి వెళ్ళాను. తీగచుట్ట ఉందా అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

“నా తావ యాడుండాది? చింతామణిలో సరోజమ్మని, విత్తనాల అంగడి పెట్టుకోనుండాది. ఆయమ్మ దగ్గర ఇట్లాంటి వాచీ ఒగటుండాది. గుయ్యిమంటాది గానీ ముల్లు కదల్దు.”

నా ఆనందం ఇంతా అంతా కాదు. గుయ్‌మంటోందంటే తీగచుట్ట బాగున్నట్టే. ముల్లు కదలడం లేదంటే చక్రం అరిగినట్టు. నా వాచీలో చక్రం బంగారంలా ఉంది. పాత వాచీలు కొనబోయేవారు ముందు చెవి పెట్టి వినండి, ముల్లు తర్వాత చూడొచ్చు.

మధ్యాహ్నానికి చింతామణి చేరి, సంగటి తిని, అంగడి వెతుక్కుంటూ వెళ్ళాను. సరోజమ్మకి డెబ్బై ఉంటాయి. వచ్చిన పని చెప్పగానే ఫ్యాన్ ఆపించి వాచీ నా చెవికి ఆనించింది. అమృతం పోసినట్టయింది.

“మా నాయన చేతిదప్పా ఇది. చిన్నప్పుడు ఆయన చెయ్యి తలకింద పెట్టుకొని, దీని గుయ్యి ఇంటా నిద్రపోతాంటి. ఇప్పుడూ అంతే,” అంది.

 అయినా ఆ వాచీ అడిగాను. రెండు వాచీలూ కలిపితే నడిచేది ఒకటి తయారవుతుంది, ఒకటే.

“అయితే ఎవురిదయితాది?”

 జవాబు ఆమే చెప్పింది.

“మా పక్క ఆవుని సగానికిస్తారు. ఆవు ఒగరిది, మేత ఒగరిది. మేత ఏసేటోళ్ళ ఇంట్లోనే ఆవుండల్ల. దీనికి మేత నీకే తెలుసు. నువ్వే తీస్కపో.”

మొహం పక్కకి తిప్పుకుని ఆ మాటంది. నేను కాదనలేదు. ఆ వాచీ నాకు కావాలి, అబద్ధమెందుకు.

గల్లాపెట్టె పక్కనే గుడ్డ పరిచి కూర్చున్నాను. వెంట్రుక కంటే సన్నని తీగ అది, చెయ్యి జారితే ఇద్దరికీ ఏమీ మిగలదు. సరోజమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. గంటకు పైగా పట్టింది. వాళ్ళ నాయన వాచీ కేసులోనే అంతా బిగించాను. గుయ్‌మంది. సెకన్ల ముల్లు గంతులు లేకుండా జారసాగింది. ఆమె దాన్ని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది, ఎంతకీ తియ్యదు.

 నా సంచిలోని బ్యాటరీల అట్ట తీసి ఆమె ముందు పెట్టాను. వాచీ వెనక చిన్న మూత, దానికొక గాడి. రూపాయి బిళ్ళతో తిప్పితే చాలు, మూత ఊడి వస్తుంది. రెండుసార్లు ఆమె చేతే తిప్పించాను, అట్ట మీద నా ఫోన్ నంబరు రాశాను.

“ఇంగ మేత నువ్వే ఏస్తావు కదమ్మా. ఆవు నీ ఇంట్లోనే ఉండనీ,” అన్నాను.

నాలుగున్నర బస్సుకి తిరుగు ప్రయాణం. సంచిలో అరిగిన చక్రం, తెగిన తీగచుట్ట, నా వాచీ ఖాళీ కేసు. కడుపు మండలేదంటే నమ్మకండి. కానీ చేతి పని మీద గర్వం మాత్రం వీసమెత్తు తగ్గలేదు. ఆ దారిన వెళ్ళేవారు విత్తనాల అంగడి దగ్గర దిగి, ఫ్యాన్ ఆపమని అడగండి.

కైవారం దాటాక ఫోన్ మోగింది.

“అప్పా, సగం నీది గదా. ఇదో, ఇను,” అని సరోజమ్మ వాచీని ఫోనుకి ఆనించింది.

బస్సు రొదలో నాకు ఏమీ వినబడలేదు.

“బాగా ఇనపడతాందమ్మా. ఇంకొంచేపు పెట్టు,” అన్నాను.