బెల్లం రంగు డయల్ కోసం రాయపూర్‌కి

జనవరి మొదటి వారంలో ఒక సాయంత్రం ఎనిమిది గంటలకు విశాఖపట్నంలో రాయపూర్ వెళ్లే బండి ఎక్కాను. స్లీపర్‌లో పక్క బెర్తు. కిటికీ సరిగ్గా పడదు, దుప్పటి తప్పనిసరి. ఎదుటి సీటులో పలాస వైపు నుంచి రాయపూర్ తిరిగి వెళ్తున్న రైల్వే ఉద్యోగి ఒకాయన పులిహోర పొట్లం విప్పి నాకూ కొంచెం పెట్టాడు. ఏం పని మీద వెళ్తున్నానని అడిగాడు. ఒక గడియారం చూడ్డానికి అన్నాను.

"గడియారం చూడ్డానికి పదకొండు గంటల బండెక్కీసారా! మొబైల్లో టైమ్ రాదా ఏటి?" అని పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రాత్రి నాకు అన్నిటికీ నవ్వొస్తోంది.

నేను పాత స్విస్ చేతిగడియారాలు సేకరిస్తాను. అవి కంపెనీ నుంచి ఎలా వచ్చాయో అలాగే ఉండాలి. ఎవరూ రంగు వేయకూడదు, పాలిష్ పట్టకూడదు, ముళ్లు మార్చకూడదు. నవంబరు చివర్లో బీపీ చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తే అక్కడి నర్సు నా చేతికున్నది చూసి, "మా పెద్దమ్మ దగ్గరా ఇలాంటిదే ఉందండీ" అంటూ ఫోన్లో ఫొటో చూపించింది. నల్ల డయల్ ఏళ్ల తరబడి ఎండ తగిలి అచ్చం బెల్లం రంగుకు తిరిగింది. కొన్ని గడియారాలకే అలా జరుగుతుంది, ఎవరూ కావాలని చేయలేరు. అలాంటిదాని కోసం నేను పద్దెనిమిదేళ్లుగా వెతుకుతున్నాను.

ఆ పెద్దమ్మ పేరు రాహేలమ్మగారు. రాయపూర్ రైల్వే కాలనీలో ఉంటారు. ఒకప్పుడు రాయపూర్ దగ్గర తిల్దాలోని మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేశారు. అక్కడి విదేశీ డాక్టరు ఒకాయన తన దేశం వెళ్లిపోతూ, నాడి లెక్కపెట్టుకోవడానికి ఉంటుందని తన చేతిది తీసి ఇచ్చేశాడట. ఫోన్ చేస్తే నలభై వేలు చెప్పారు. దానికి పదింతలు ఇచ్చినా తక్కువే. కానీ మా సేకరణదారులకు ఒక దిక్కుమాలిన అలవాటుంది. ఏది బాగా నచ్చిందో దాన్నే ముందు తీసిపారేస్తాం. తర్వాత నెల రోజులు చప్పుడు చేయం. అవతలివాళ్లు మెత్తబడతారు.

"డయల్ పాడైపోయిందమ్మా, రంగంతా వెలిసిపోయింది. క్రిస్మస్ వెళ్లాక వచ్చి చూస్తాలెండి," అన్నాను. ఫోన్ పెట్టేశాక ఇంట్లో ఒక్కణ్నే గంతులేశాను.

మహాసముంద్‌లో మెలకువ వచ్చింది. టీ తాగాను. బండి అరగంట ఆలస్యంగా ఏడుంబావుకు రాయపూర్ చేరింది. స్టేషన్ బయట ఇరవై రూపాయలకు పోహా, అంటే అటుకుల ఉప్మా, పక్కన రెండు జిలేబీలు. ఈ దారిన వచ్చేవాళ్లు తప్పకుండా తినండి, వేడిగా ఉంటాయి. ఆటోవాడు కాలనీకి ఎనభై అన్నాడు, బేరం చేయలేదు. బేరాలన్నీ ఆవిడ దగ్గర చేసేశాను కదా.

తొమ్మిదింటికి గుమ్మం ముందున్నాను. ఇంటికి కొత్తగా సున్నం కొట్టారు, తలుపులకు రంగు వేశారు. క్రిస్మస్ నక్షత్రం ఇంకా వేలాడుతోంది. రాహేలమ్మగారికి డెబ్బై దాటి ఉంటాయి, సన్నగా, చలాకీగా ఉన్నారు. కూర్చోబెట్టి పండక్కి వండిన గులాబీ పువ్వుల పిండివంట, టీ పెట్టారు. తర్వాత తెల్లటి జేబురుమాలులో చుట్టిన గడియారం తెచ్చి నా అరచేతిలో పెట్టారు.

డయల్ నల్లగా నిగనిగలాడుతోంది. కంపెనీ పేరు లావుపాటి అక్షరాల్లో ఉంది. ముళ్లు కొత్తవి. పదునుగా ఉండాల్సిన అంచులు వాడేసిన సబ్బుబిళ్లలా గుండ్రంగా అరిగిపోయాయి.

"చూసేరా బాబూ, ఎక్‌దమ్ నయా అయిపోయింది! మీరు రంగెలిసిపోయిందనీసరికి నాకెంత షరమ్ వేసిందో. క్రిస్మస్‌కి ఇల్లంతా రంగులేయిస్తున్నాం కదా, దీన్నీ దుకాణంలో ఇచ్చీసాను. మీరు చెప్పబట్టి గానీ, నాకు అసలు తెలిసేదే కాదు."

గట్టిగా అరవాలనిపించింది. ఆవిడ మీద కాదు. ఆ డయల్‌ను పాడు చేసింది నేనే. విశాఖలో కుర్చీలో కూర్చుని, ఒక్క మాటతో.

"బాగుందా?" అని అడిగారు, నా మొహంలోకి చూస్తూ.

నిజం చెప్పవచ్చు. ఆ రంగు కోసమే వచ్చానని, ధర తగ్గించడానికి అబద్ధమాడానని. చెప్పడానికి ధైర్యం చాలలేదు. "చాలా బాగుందమ్మా," అని నలభై వేలూ లెక్కపెట్టి ఇచ్చాను. ఆవిడ అందులోంచి ఐదువేలు తీసి నా జేబులో కుక్కబోయారు. "అంత దూరం నించి వచ్చారు, రైలు భాడా ఖర్చులకి ఉంచండి," అన్నారు. నేను తీసుకోలేదు. భోజనం చేసే వెళ్లాలని పట్టుబట్టారు. చేపల పులుసు వండారు. ఎలా ఉందో చెప్పలేను, నాకు రుచి తెలియలేదు.

మాటల్లో దుకాణం ఎక్కడో అడిగి, రెండింటికి అక్కడికి పరుగెత్తాను. పాత ముళ్లయినా దొరుకుతాయని, రంగు పైపైన వేసి ఉంటే కింద పాతది మిగిలి ఉంటుందని ఏదో పిచ్చి ఆశ. బజారులో మెట్ల కింద ఒక చిన్న బడ్డీ. కంటికి అద్దం పెట్టుకున్న ముసలాయన నన్ను చూసి సంతోషించాడు.

"సబ్ ఘిస్ దియా సాబ్," అన్నాడు. అంతా గీకేశాడట. కింద తెల్లటి లోహం తేలేదాకా రుద్దాడట. ముళ్లు తుప్పుపట్టాయని పారేశాడు. "అమ్మాజీ చెప్పారు, వైజాగ్ నుంచి పెద్ద సాబ్ వస్తున్నారు, మంచిగా చెయ్యమని. మూడు రోజులు కూర్చున్నాను," అని హిందీలో గర్వంగా చెప్పాడు. పని శ్రద్ధగానే చేశాడు. ఆయన్ని ఏమనను?

సాయంత్రం ఆరున్నరకు తిరుగు బండి. ఈసారి ఎవరితోనూ మాట కలపలేదు. ఖరియార్ రోడ్‌లో కొన్న రొట్టె, కూర అలాగే పొట్లంలో ఉండిపోయాయి. ఈ దారిన వెళ్లేవాళ్లకు బండి వేళలు, పోహా ధర చెప్పాను. ఇంకొక్కటి చెప్తాను. ఏదైనా నచ్చితే ఆ నిమిషమే నచ్చిందనండి. ధర పెరుగుతుంది, పెరగనివ్వండి.

పొద్దున ఆరింటికి విజయనగరం దాటుతుంటే ఫోన్ మోగింది. రాహేలమ్మగారు.

"చేరిపోయారా బాబూ? గడియారం సహీగా నడుస్తోందా?"

చేతికున్నదాన్ని నా ఫోనులో టైముతో సరిచూశాను.

"నడుస్తోందమ్మా. ఒక్క నిమిషం కూడా తేడా లేదు."

ఆ గడియారం గురించి ఆవిడకు నేను చెప్పిన నిజం అదొక్కటే.