పాము కడుపులో పాట

మొన్న మా మనవరాలు విజయవాడలో నన్నొక సినిమాకి లాక్కెళ్లింది. పిల్లలు కంప్యూటర్లో ఆడే ఆటనే కథగా మార్చి తీశారట. కత్తులు, మంత్రాల గుహలు, చచ్చి మళ్లీ లేచే వీరులు. ఆటను సినిమాగా తీయడం లోకంలో ఎన్నడూ లేని వింత అని ఆ పిల్ల మురిసిపోతుంటే నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అలాంటిదొకటి నేను డెబ్బైలలోనే తిరువూరులో చూశాను. అప్పటి ఆట వైకుంఠపాళి. తెలివితక్కువతనంలో రెండూ సమానమే.

ఆ సినిమాలో ఒక మాంత్రికుడు రాజ్యాన్నంతా వైకుంఠపాళి పటంగా మార్చేస్తాడు. వీధులు గడులవుతాయి, జనం కాయలవుతారు. యువరాజు ఆకాశం నుంచి రాలే గవ్వల లెక్క ప్రకారం నడుస్తూ, నిచ్చెనలెక్కుతూ వైకుంఠం చేరాలి. నిచ్చెనలు వెదురుబొంగులకు వెండికాగితం చుట్టినవి. వాటి కొబ్బరితాడు ముడులు నేల మీద కూర్చున్నవాళ్లకే కాదు, వెనక కుర్చీల్లో ఉన్న మాకూ కనిపించాయి. వైకుంఠం ఇంకా కాస్త దూరంలో ఉందనగా గోనెగుడ్డతో కుట్టిన పెద్ద పాము యువరాజును మింగేస్తుంది. మింగాక ఆయన చేసే పనేమిటంటే, దాని కడుపులో నాగకన్యతో కలిసి పాట పాడతాడు. అక్కడ ఊపిరి ఎలా ఆడింది, అంత వెలుతురు ఎక్కడిది, వీణ ఎవరు మోసుకొచ్చారు అని అడిగేవాడు హాలంతా వెతికినా దొరకలేదు. తల్లి పూజ చేస్తే పాము కక్కేస్తుంది. ఆయన కింది గడి నుంచి మళ్లీ మొదలుపెడతాడు.

ఇంతటితో పోయి ఉంటే రెండు గంటలు పాడయ్యాయని సరిపెట్టుకునేవాణ్ణి. కానీ సినిమా వాళ్లు కరపత్రం వెనక వైకుంఠపాళి అచ్చువేసి, మైకు కట్టిన రిక్షాలో ఊరంతా పంచారు. పై గడిలో విష్ణుమూర్తి ఉండాల్సిన చోట హీరో బొమ్మ. వారం తిరక్కుండా ఊళ్లో పెద్దలు ఆ కాగితం ముందు కూర్చుని పత్తి విత్తడానికి రోజు తేల్చుకోవడం మొదలుపెట్టారు. గంపలగూడెంలో ఒకాయన ఎద్దుల బేరం దాని మీదే కుదుర్చుకున్నాడు. గవ్వలు నాలుగు పడితే భక్తి అనే నిచ్చెన, ఐదు పడితే ఏదో రాక్షసుడి పేరున్న పాము. ఆ నాలుగుకూ ఐదుకూ మధ్య మనిషి చేసిన మంచీ లేదు, చెడూ లేదు. పచ్చి దొంగ చేత వేయించినా గవ్వలు అలాగే పడతాయి. దీనికి నీతి బోధించే ఆట అని పేరు.

ఆ దరిద్రం మా ఇంటి వరండాలోకీ వచ్చింది. అక్కకు విజయవాడలో నర్సు ట్రైనింగు సీటు వచ్చింది. సోమవారం సాయంత్రం లోపల చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. నాన్న ఒప్పుకోలేదు. నర్సంటే పరాయి మగాళ్ల ఒళ్లు ముట్టుకునే పని అనీ, ఎ.కొండూరులో మావాళ్లు ఏమనుకుంటారనీ ఆయన పాట. నాన్న మూఢుడైతే నాకంత మంట ఉండేది కాదు. ఎకరానికి పురుగుమందు ఎంత కలపాలో లెక్కకట్టి చెప్పే రైతు ఆయన, గుడికి కూడా పండక్కి పబ్బానికే. లైబ్రరీ వెనక గదిలో మా చర్చా సంఘం ఉండేది. అక్కడ నేర్చుకున్న వాదమంతా ఆయన మీద కుమ్మరించాను. రోగికి మగా ఆడా ఉండదన్నాను. ఎ.కొండూరు బంధువులకు జ్వరమొస్తే ఎవరు చూస్తారో చెప్పమన్నాను. ప్రశ్నకు ప్రశ్న వేసి, ఆయన తల దించుకునేదాకా వదల్లేదు. ఆయన తల దించుకున్నారు గానీ, సరే అనలేదు.

శనివారం మధ్యాహ్నం నాన్న కరపత్రం తెచ్చి వరండాలో పరిచారు. అక్క గవ్వలు వేయాలి, పెద్ద పాము మింగకుండా పైకి చేరితే వెళ్లొచ్చు, మింగితే ఆ మాట మళ్లీ ఎత్తకూడదు అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక మనిషి బతుకును గవ్వలకు అప్పగించడం సిగ్గుచేటన్నాను.

"నీ సంఘంలో చెప్పుకోరా ఆ ముక్కలు" అన్నారు నాన్న.

అక్క వచ్చి పటం ముందు కూర్చుంది. అది చూసి నాకు ఆమె మీద కూడా అసహ్యం వేసింది. మా మామిడికాపు కొనే సాయిబు గారు అప్పుడే బేరానికి వచ్చారు. ఆయనా బల్ల మీద కూర్చుని చూడసాగారు.

మొదట నిచ్చెనలు బాగానే పడ్డాయి. కాయ మూడొంతులు పైకి పోయింది. అక్కడ పెద్ద పాము మింగింది. కాయ జారి పంది బొమ్మ ఉన్న గడిలో పడింది. నాన్న కాగితం మడవబోయారు. అక్క దాని మీద అరచెయ్యి ఆనించింది.

"సినిమాలో పాము మింగినాక ఆట అయిపోయిందా నాన్నా? బయటికొచ్చి మళ్లీ ఆడాడుగా."

నాన్న సాయిబు గారి వంక చూశారు. ఆయన గడ్డం నిమురుకుంటూ, "పిల్ల చెప్పింది నిజమే అన్నయ్యా. నేనూ చూశా. మింగినాక పాటుంది, ఫైటింగుంది, ఇంకా అరగంట సినిమా ఉంది" అన్నారు.

"పాట మేం పాడలేంలే" అని నాన్న కాగితం వదిలేశారు.

మళ్లీ మింగింది. అక్క మళ్లీ కింది గడి నుంచి వేసింది. మళ్లీ మింగింది. సాయిబు గారు బేరం సంగతే మర్చిపోయి, ఆ గడి దాటాలంటే ఎంత పడాలో వేళ్ల మీద లెక్క చూసి చెబుతున్నారు. మామిడి వ్యాపారంలో నలిగిన మనిషి, అచ్చుకాగితం మీది పాముకు భయపడుతున్నాడు. నేను గోడకానుకుని నిలబడి ముగ్గుర్నీ మనసులో తిట్టుకున్నాను. ఎండ వరండా దాటి పోయే వేళకి కాయ పాము గడిని దాటి పైకి చేరింది.

"సోమవారం పొద్దున్నే బస్సుంది. బట్టలు సర్దుకో" అన్నారు నాన్న. ఆయన గొంతులో ఓడినవాడి బాధ లేదు. పెద్ద బరువు దించుకున్నట్టు సాయిబు గారితో మామిడి బేరానికి దిగారు.

పెరట్లో అక్కను నిలదీశాను. నీ హక్కును నువ్వే జూదంలో పెట్టావు, రేపు ఈ పటమే ఇంకో ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెడుతుంది, అప్పుడు ఏం చెబుతావు అన్నాను. అక్క తాడు మీది బట్టలు తీస్తోంది.

"నాన్నకి పంపాలనే ఉందిరా. చుట్టాలకి చెప్పుకోడానికి ఒక వంక కావాలి. వారం రోజులు అరిచావు, నువ్వు ఒక్క వంకైనా ఇచ్చావా?"

"పాము రోజంతా మింగుతూనే ఉంటే?"

"సోమవారం దాకా వేస్తూనే ఉండేదాన్ని."

హక్కుకు వంక వెతుక్కోవాల్సి రావడమే అవమానమని నేను అప్పుడన్నాను. ఇప్పటికీ అదే అంటాను. వంకతో దొరికింది ఇంకో వంకతో పోతుంది. కానీ ఆ మాట చెప్పి సోమవారం లోపల నాన్నను ఒప్పించే దారి నా దగ్గర లేదు. మా సంఘంలో ఎవరి దగ్గరా లేదు.

సోమవారం బస్టాండులో ఎ.కొండూరు నుంచి వచ్చిన బంధువులు నలుగురు ఎదురయ్యారు. పిల్లను ఒంటరిగా పంపుతున్నావేమిటని నాన్నను అడిగారు. పటంలో వైకుంఠం దాకా వచ్చిందనీ, కాదనడానికి తానెవరనీ ఆయన చెప్పారు. వాళ్లు తలలూపారు. అక్క కూడా పక్కన నిలబడి, ఎంతో వినయంగా తలూపింది. నాకు వినలేక బస్సు అవతలి పక్కకు వెళ్లి నిలబడ్డాను. డ్రైవరు ఎక్కి హారన్ కొట్టాడు.

అక్క కిటికీలోంచి తల బయటపెట్టి, "పెట్టె ఇంకా కిందే ఉందిరా. మొహం తర్వాత మాడ్చుకుందువు గాని, ముందు అది లోపల పెట్టు" అంది.

పెట్టె తీసుకెళ్లి ఆమె సీటు కింద పెట్టాను.