నిందకాడనే ఆపిన సినిమా

మా బిడ్డ బడికి తీస్కపోయే నీళ్ల సీస మీద ఒక రాజు బొమ్మ ఉన్నది. కత్తి మీదికి లేపి, జుట్టు గాలికి ఇడిసి, ఒక డప్పును కాలుతోని తొక్కి నిలవడ్డడు. సిరిసిల్ల బజార్ల ఏ దుకాణం చూసినా గిదే బొమ్మ, కంపాసు పెట్టెల మీద, బనీన్ల మీద, ఆఖరికి రాఖీల మీద సుత. వద్దంటె ఇంటదా, దోస్తులందరికీ ఉన్నదని ఏడ్చి ఏడ్చి కొనిపిచ్చుకున్నది. పొద్దుగాల దాంట్ల నీళ్లు నింపుడు నా పని, నింపినప్పుడల్లా నా ఒళ్లు మండుతది. ఆ కాలికింద ఉన్న డప్పు మా ఇంటిది. ఎట్లనో చెప్త.

మాది మేడిపల్లి దిక్కు ఒక ఊరు. ఊరెనుక గుట్ట, గుట్ట మీద కూలిన కోట, దానికి ఇప్పటికీ నిలవడ్డ రాతి దర్వాజ. మాది డప్పు కొట్టే ఇల్లు, మా తాత కొట్టిండు, ఆయన ఎనుక మా బాపు కొట్టిండు. చలి పోయి ఎండ ఇంకా ముదరకముందు, గుట్టంత మోదుగుపూలు ఎర్రగ పూసినప్పుడు కోట మైసమ్మ జాతర అచ్చేది. అవ్వ ఆదివారం ఆదివారం చర్చికి పోయేది గని జాతరకు మటుకు అందరికన్న ముందుగాల ఇల్లు అలికి, సున్నమేసి, పిండి తడిపి పెట్టుకునేది, గంజుకు అద్దిన సర్వపిండిల పల్లీలు, నువ్వులు ఏసి, పక్కపొంటి జొన్న గుడాలు నానవెట్టి, పొయ్యి మటుకు ముట్టియ్యకుండ కూసునేది. వాకిట్ల బాపు వరిగడ్డి మంటేసి డప్పు కాపుతుంటె తోలు కమురు వాసన, పొగ, అలికిన పేడ వాసన అన్నీ కలిసి మా వాడంత నిండేది, నేను మా తమ్ముడు పోటీవడి గడ్డి ఎగేస్తుంటె బాపు "చాలురా, పలుగుతది" అని కసిరేటోడు. పొయ్యి ఎందుకు ముట్టియ్యదో చెప్పాలంటె ముందు మల్లయ్య ముచ్చట చెప్పాలె.

ఎనకట ఒకపారి పై దేశపు ఫౌజు అచ్చి మా కోటను చుట్టుముట్టిందట. లోపల తిండి లేదు, సిపాయిలు లేవలేకుండ ఉన్నరు. ముసురు పట్టి పది అడుగుల అవతల మనిషి కనవడడు. అప్పుడు మా ముత్తాతల ముత్తాత మల్లయ్య డప్పు మెడకేసుకొని గోడ ఎక్కి, ఈ బురుజు కాడ కొంచెంసేపు, ఆ బురుజు కాడ కొంచెంసేపు ఉరుక్కుంట కొట్టిండు. కిందోళ్లు లోపల పెద్ద సైన్యమున్నదని జంకి ఆగిండ్రు. గని లోపలోళ్లకు సుత అసలు సంగతి తెల్వదు. వీడు డప్పుతోని శత్రువును పిలుస్తుండు, దర్వాజ తీస్తడు అనుకొని మనోళ్లే ఉమ్మిండ్రు, రాళ్లతోని కొట్టిండ్రు. ఆయన దెబ్బ ఆపలే. కిందోళ్లు గట్ల ఆగిన సందుల పిల్లలు, ఆడోళ్లు గుట్ట ఎనుక లోతు లొద్దిలకెళ్లి దాటి బతికిండ్రు. ముసురు ఇడిసినంక చూస్తె మల్లయ్య డప్పు మీదనే పడి సచ్చి ఉన్నడట, తగిలిన రాళ్లన్నీ మనోళ్లయే.

గందుకే మా జాతర రెండు పాళ్లు. పొద్దుగాల నింద. ఊరంత దర్వాజ ముందట నిలవడి, ఎదురుంగ ఒక్కడే నిలవడ్డ మా బాపును "దర్వాజ అమ్ముకున్నోడా! ఉప్పు తిన్న ఊరిని ముంచినోడా!" అని తిడుతరు, రాళ్లకు బదులు పిడికెడు జొన్నలు ఇసురుతరు. బాపు తలకాయ వంచుకొని అన్నీ పడి, ఇగ బురుజు బురుజు తిరిగి పొద్దుగుంకెదాంక కొడతడు. అప్పుడు రెండో పాలు. పటేల్ తాత రుమాలు తీసి, డప్పు మీద చెయ్యి పెట్టి "తప్పైంది మల్లయ్యా, తెల్వక అన్నం" అనేటోడు. ఎనుక ఊరంత ఒక్క గొంతుతోని "తప్పైంది" అనేది. గా మాట ఇన్నంకనే ఇంటింటికి పొయ్యి ముట్టిచ్చేది. పటేల్ ఏమన్న దేవుడనుకునేరు. మిగిలిన ఏడాదంత మమ్ముల అరుగు ఎక్కనియ్యకపోయేది, దోసిట్ల పైకెళ్లి నీళ్లు పోసేది గా చెయ్యే. అయినా ఏడాదికి ఒక్క మాట. గా ఒక్క మాటతోని మా బాపు మళ్ల జాతరదాంక తలెత్తుకొని నడిచేటోడు.

జాతర తెల్లారి బాపు మమ్ముల కోరుట్లకు సినిమాకు తీస్కపోయేటోడు. నేల టికెట్టు, నీళ్లు చల్లిన మట్టి వాసన, బీడీ పొగ, పొట్లంల ఉడకవెట్టిన పల్లీలు. రాజుల సినిమా అయితె మాకు పండుగే, అట్ట కత్తులు ఠంగుమంటె నేను బాపు మోకాలు గట్టిగ పట్టుకునేదాన్ని. బాపు చూపు మటుకు రాజు మీద ఉండకపోయేది. "గంత పెద్ద లడాయిల డప్పు కొట్టెటోడే లేడేందే?" అనేటోడు. మన మల్లయ్యది ఎప్పుడు తీస్తరు బాపూ అని అడిగిన ఒకపారి. "తీస్తరు బిడ్డా, ఎవ్వడో తెలివిగల్లోడు అచ్చి తీస్తడు" అన్నడు. నేను సుత నమ్మిన.

అచ్చిండ్రు తెలివిగల్లోళ్లు! కొన్నేండ్ల కింద, జాతరనాడు, కార్లేసుకొని, నెత్తి మీద గొడుగులు పట్టిచ్చుకొని. బాపు ముసలోడైండు గని ఆ పొద్దు ఆయన మొకం చూడాలె. నింద మొత్తం తీసిండ్రు, తిట్లు తీసిండ్రు, జొన్నలు మొకాన పడుడు దగ్గరికొచ్చి తీసిండ్రు. ఎండ ఎక్కంగనే సామాను సదురుకున్నరు. "సారూ, అసలు ముచ్చట పొద్దూకి ఉన్నది, ఆగుండ్రి" అని బాపు మెడల డప్పుతోనే కారెంబడి ఉరికిండు. "మాకు కావల్సింది దొరికింది తాతా" అన్నడు కార్ల కూసున్నాయన. అద్దం ఎక్కిచ్చుకొని పోయిండ్రు.

సినిమా అచ్చిననాడు జగిత్యాలకు పోయినం, నేను, బాపు. తెల్లంగి ఏసుకున్నడు, గడ్డం గీసుకున్నడు. ఏనుగులు, అగ్గిబాణాలు, కూలే గోడలు, చెవులు పలిగే మోత. ఎనుకకెళ్లి మా డప్పోడు అచ్చిండు. శత్రువు కాడ బంగారం మూట తీసుకొని, డప్పుతోని సైగ చేసి, నవ్వుకుంట దర్వాజ తీసిండు. రాజు వాని తలకాయ మెల్లగ, మెల్లగ నరికిండు. డప్పు మెట్ల మీదికెళ్లి దొర్లింది, రాజు కాలితోని ఆపి తొక్కిండు. హాలంత లేచి నిలవడి ఈలలు! కాయితాలు ఇసురుడు! బాపు లైట్లు ఎలిగెదాంక కూసున్న కాడికెళ్లి కదలలే.

సినిమా దంచికొట్టింది. కోట్లకు కోట్లు అచ్చినయని రోజుకొక పోస్టరు. పేపర్లల్ల, యూట్యూబుల సినిమాకు ఇన్ని చుక్కలని మార్కులిచ్చెటోళ్లు ఒకరిని మించి ఒకరు: లడాయి సీన్లు అదిరినయట, రెండో సగం జరంత సాగిందట, రాణికి పాటలు ఎక్కువైనయట, ద్రోహి పాత్ర ఏసినాయన ప్రాణం పెట్టిండట. ఒకాయనైతె ఊరూరు తిరిగి పరిశోధన చేసి మట్టిల దాగిన చరిత్రను బయటికి తీసిండ్రని రాసిండు. పరిశోధనట, వాని పరిశోధన పాడుగాను! ఇంకొక్క పూట ఆగితె ఏం పోయేది? దుబాయిల ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, రూంల మనూరి పోరలే నన్ను దర్వాజ అని పిలుస్తుండ్రు" అని ఏడ్చిండు. చుక్కలిచ్చినోళ్లకు గిది కనవడ్తదా?

సినిమా ఎనుక అచ్చిన జాతరకు పోవద్దంటె బాపు ఇనలే. నిందకు పోరలు రాజు బొమ్మ బనీన్లు ఏసుకొనే అచ్చిండ్రు. పాత తిట్లు ఎవ్వలకు కావాలె, సినిమాల మాటలు ఒర్లిండ్రు. జొన్నలతోని కలిపి ఒకడు రాయి ఇసిరిండు, బాపు కనుబొమ్మ పలిగింది. నెత్తురు తుడుసుకుంట సుత అన్ని బురుజులు తిరిగి కొట్టిండు. పొద్దుగుంకినంక దర్వాజ కాడికి అచ్చి డప్పు ముందుకు పట్టిండు. పటేల్ తాత పోయి శానొద్దులైంది, ఆయన జాగల మనుమడు అంటుంటడు గా మాట. ఆ పిలగాడు ఫోన్ల కెళ్లి తలెత్తి "ఇగ చాలు తియ్యే. మాది తప్పైతె గంత పెద్దోళ్లు సినిమా గట్ల తీస్తరా?" అన్నడు. పక్కకున్నోళ్లు నవ్విండ్రు. "మీ తాత అన్నడు, వాళ్ల తాత అన్నడు, నీకేం రోగమొచ్చింది రా!" అని నేను మీదికి పోయిన. ఎవ్వలో నా రెక్క పట్టి గుంజిండ్రు. ఊర్లెకెళ్లి అప్పటికే పొగ లేస్తున్నది, ఎవ్వలూ మాట కోసం ఆగలే. బాపు చీకటి పడెదాంక డప్పు పట్టుకొని గట్లనే నిలవడ్డడు.

ఇప్పుడు జాతరల డీజే డబ్బాలు మోగుతున్నయి. నింద మటుకు పోలే, సెల్ఫీల కోసం జగిత్యాల కెళ్లి సుత అస్తుండ్రు. బురుజులు తిరుగుడు పోయింది, తప్పైంది అనుడు పోయింది. బాపును నేను సిరిసిల్లకు తెచ్చుకున్న. మొన్న ఐతారం టీవీల మళ్ల గదే సినిమా ఏసిండ్రు. నేను బంద్ చెయ్యవోతుంటె నా బిడ్డ బాపు ఒడిల కూసొని అడిగింది, "తాతా, మన మల్లయ్య తాత నిజంగ పైసలు తీసుకొని దర్వాజ తీసిండా?"

అచ్చినోళ్లకు, పోయినోళ్లకు, కార్లల్ల దిగినోళ్లకు గా కథ చెప్పి చెప్పి బతికిన మనిషి నా బాపు. టీవీ దిక్కు చూసిండు, పిల్ల దిక్కు చూసిండు.

"సినిమాల గట్లనే ఉన్నది గద బిడ్డా" అన్నడు.