ఆరోగ్యవంతుల వరుసలో నా పేరు

స్పిరిట్ తడిపిన దూది మోచేతి మడతలో తగలగానే ముందు చల్లగా ఉంటుంది. ఆ వెంటనే ఘాటు ముక్కుకెక్కుతుంది. షుగర్ పరీక్ష కోసం మూడు నెలలకోసారి మదనపల్లెలో మా వీధి చివరి ల్యాబుకు వెళ్తాను. రక్తం తీసే అమ్మాయి ప్రతిసారీ, "వేరే జబ్బులేమన్నా ఉండాయా సార్?" అని అడుగుతుంది. కంప్యూటర్లో గడి నింపడానికి అడిగే ప్రశ్న అది. "లేవు" అంటే ఆమెకూ పని తేలిక. నేను మాత్రం ఒక్కొక్కటే చెబుతాను. షుగరు, బీపీ, బొల్లి. ఆ మూడో మాట కాస్త గట్టిగానే అంటాను. వెనక కుర్చీల్లో కూర్చున్నవాళ్లు తలెత్తి చూస్తారు. ఈ మాత్రం నోరు ఒకప్పుడు పుంగనూరులో లేచి ఉంటే, ఈ రాత రాయాల్సిన పని ఉండేది కాదు.

డాక్టర్ ఎస్తేర్ గారిని మీరు చూసి ఉండరు. తెల్లకోటు వేసుకుని మందులు రాసిచ్చే డాక్టరు కాదు ఆమె. మన ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు ఎలా పనిచేస్తాయో, ఎందుకు దారి తప్పుతాయో పరిశోధించే శాస్త్రవేత్త. వాళ్లమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆసుపత్రి కాంపౌండులోని క్వార్టర్సులోనే ఈమె పెరిగారు. బెంగళూరులో చాలా ఏళ్లు పనిచేసి, యాభై దాటాక మదనపల్లెకు తిరిగొచ్చి రెండు గదుల్లో ల్యాబు పెట్టుకున్నారు. ఆమె జీవితమంతా పట్టుకున్న జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్. కరెంటు తీగ మీద రబ్బరు తొడుగు ఉన్నట్టే మెదడులో, వెన్నుపాములో నరాల మీద ఒక పొర ఉంటుంది. మనల్ని కాపాడాల్సిన తెల్లరక్తకణాలే శత్రువనుకుని ఆ పొర మీద పడతాయి. ఒకరికి కన్ను మసకబారుతుంది, ఒకరికి కాలు మొద్దుబారుతుంది. కొన్నాళ్లకు సర్దుకుంటుంది, మళ్లీ వస్తుంది. మా వైపు దాన్ని నరాల బలహీనత అనేవాళ్లు, గాలి సోకిందనేవాళ్లు. ఆ కణాలు సొంత ఒంటిని ఎందుకు గుర్తుపట్టవన్నదే ఆమె ప్రశ్న.

నేను అప్పటికి పదేళ్లుగా విలేకరిని. పరిశోధనకు రక్తం సేకరించడానికి ఆమె ఊరూరా పెట్టే శిబిరం గురించి మొదటిసారి రాసినప్పుడు, కుప్పంలో తీసిన రక్తాన్ని ఐసుపెట్టెలో పెట్టి హుటాహుటిన మదనపల్లెకు తరలించారని రాశాను. మర్నాడు ఉదయం ఆఫీసుకు ఫోన్ వచ్చింది.

"ఏమప్పా, ఐసు నువ్వు సూసినావా?"

"పెట్టె చూశాను మేడమ్."

"పెట్టెలో ఐసు సూసినావా అని అడగతాండా. ఐసులో పెడితే నా కణాలు పాడైపోతాయి. వాటిని మామూలు వేడిలోనే తెచ్చుకోవాల. నువ్వు సూసి రాసినావా, అనుకోని రాసినావా?"

అనుకుని రాశానని ఒప్పుకున్నాను. ఆమె నవ్వి, సాయంత్రం ల్యాబుకు రమ్మన్నారు. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, గుండ్రటి చుక్కల్లాంటి కణాలు చూపించారు. "ఇవి ఏం చేస్తాయో నాకు కొంత తెలుసు. ఎందుకు చేస్తాయో తెలీదు. ఆ తెలీదనే మాట కూడా రాయి. మీ పేపర్లో ఆ మాట ఎప్పుడూ కనపడదు" అన్నారు. ఆ రోజు నుంచి నా రాత మారింది. చెప్పినవాడు ఎవరు, చూసినవాడు ఎవరు, తేలనిది ఏది అని మూడు ముక్కలుగా విడగొట్టుకోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. డెస్కులో కుర్రవాళ్లు నా కాపీ దిద్దకుండానే పేజీలో పెట్టేసేవాళ్లు. ఆమె కూడా నన్ను నమ్మడం మొదలుపెట్టారు. ఆ నమ్మకమే తర్వాత ఒకరి మెడకు చుట్టుకుంది.

జబ్బున్నవాళ్ల రక్తం ఎంత కావాలో, ఏ జబ్బూ లేనివాళ్ల రక్తమూ ఆమెకు అంతే కావాలి. పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. రోగులు వచ్చేవాళ్లు గానీ, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు సూది చూస్తే వెనక్కి తగ్గేవాళ్లు. పుంగనూరు శిబిరంలో ఒక సోమవారం, "నువ్విస్తే నలుగురూ ఇస్తారప్పా" అన్నారామె. ఇస్తానన్నాను. ఫొటో కూడా తీయించుకున్నాను.

వరుసలో నా ముందు చౌడేపల్లె రెడ్డెప్ప ఉన్నాడు. ఆటో నడిపేవాడు. నెల కిందట ఎడమకాలు పట్టుతప్పి, ఆటో తీసుకెళ్లి పాలకేంద్రం గోడకు కొట్టాడు. "నా రగతం నామీదే కేసు పెట్టిండాది సార్. వకీలు ఈ డాక్టరమ్మే" అని నవ్వించాడు. పుంగనూరు డాక్టరు స్టెరాయిడ్ మందు రాసిచ్చాడు కానీ ఇంకా మొదలుపెట్టలేదని, ఈడ రక్తమిచ్చాకే వేసుకుంటానని చెప్పాడు. ఎస్తేర్ గారికి అలాంటివాళ్లు అరుదు. మందు పడకముందు, మొదటి దెబ్బ తగిలినప్పుడు, కణాలు ఎలా ఉన్నాయో చూసే అవకాశం ఒక మనిషిలో ఒక్కసారే వస్తుంది.

ఫారాలు నింపి రక్తం తీస్తున్నది సుగుణ. కుప్పం దగ్గర గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో కూలీ గంగప్ప కూతురు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి ఎస్తేర్ గారి దగ్గర చేరింది. ఆ ఇంట్లో మొదటి నెలజీతం ఆమెదే.

"థైరాయిడ్ ఉండాదా సార్? సోరియాసిస్? ఒంటిమీద తెల్లమచ్చలు? ఏమన్నా మాత్రలు వాడతాండారా?"

నా ఎడమ మణికట్టు మీద వాచీ పట్టీ కింద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ ఉంది. నడుము దగ్గర ఇంకా పెద్దది ఉంది. ఊళ్లో ఎవరికీ తెలియకూడదని తిరుపతిలో చూపించుకుంటున్నాను. శనివారం, ఆదివారం స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటాను. ముందురోజు కూడా వేసుకున్నాను. నా వెనక పదిమంది నిలబడి ఉన్నారు. ఇద్దరు నన్ను పేరు పెట్టి పలకరించారు.

"ఏం లేవమ్మా" అన్నాను. కుడిచెయ్యి చాపాను.

నెల తర్వాత, రాస్తున్న వ్యాసంలో ఒక అనుమానం తీర్చుకోవడానికి ల్యాబుకు వెళ్తే, ఎస్తేర్ గారు తల పట్టుకుని కూర్చున్నారు. నా గొట్టంలో కణాలు స్టెరాయిడ్ వాడినవాడి కణాల్లా ఉన్నాయి. రెడ్డెప్ప గొట్టంలో ఆ జాడే లేదు. ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూపు, కాబట్టి దాంతోనూ తేలదు. "రెడ్డెప్ప ముందే మందు వేసుకోని మనకు చెప్పలేదు. గొట్టాలు తారుమారై వాని రక్తం నీ పేరు మీదికి వచ్చింది. ఇంకేమయింటాది? నువ్వు భయపడొద్దులే, నీకేం లేదు" అన్నారు నాతో. సుగుణను పిలిచి అడిగారట, గొట్టాల మీద పేర్ల చీటీలు మారాయా అని. ఆ పిల్ల, "మార్చలేదనే అనుకుంటాండా మేడమ్. ఖచ్చితంగా చెప్పమంటే... తెలీదు" అంది. తెలియనిదాన్ని తెలియదనమని ఆ ల్యాబులో అందరికీ నేర్పింది ఆవిడే. ఆ మాటనే నేరం ఒప్పుకోవడం కింద తీసుకున్నారు.

నేను అక్కడే కూర్చున్నాను. వాచీ పట్టీ సర్దుకున్నాను. "అలాగా మేడమ్" అన్నాను. నా నోట వచ్చింది ఆ రెండు మాటలే. ఆ రోజు తీసిన రక్తాలన్నీ పరిశోధనలోంచి తీసేశారు. దాచిన కణాలను పారబోశారు. బెంగళూరు నుంచి పర్యవేక్షించే కమిటీకి ఆమె అన్నీ ఉన్నదున్నట్టు రాశారు. టెక్నీషియన్‌ను మార్చమని వాళ్లు జవాబు రాశారు. సుగుణ వెళ్లిపోయింది.

నాలుగు నెలలు గడిచాయి. నేను వార్తలు రాస్తూనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం గంగప్ప మా ఆఫీసుకు వచ్చాడు. తలమీద, కనుబొమల మీద రాతిపొడి ఇంకా ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అప్పా, మా పాప తప్పు సేసిండాదో లేదో నాకు తెల్దు. సేసుంటే సేసింటాది. కానీ తిండి తినేటప్పుడు గూడా అదే అనుకుంటాండాది, యాడ మార్చినా, ఎట్ల మార్చినా అని. మీరు పేపరాయన. మీరు సెప్తే డాక్టరమ్మ ఇంటాదంట. ఒక్క మాట సెప్పప్పా."

నేను చెబితే ఎస్తేర్ గారు వింటారని సుగుణే తండ్రితో అందట.

ఆ సాయంత్రమే ల్యాబుకు వెళ్లాను. వాచీ తీసి బల్ల మీద పెట్టి, చెయ్యి చాపాను. మాత్రల సంగతి చెప్పాను. ఎస్తేర్ గారు నా మణికట్టును దగ్గరికి తీసుకుని చూశారు.

"నీ మచ్చ కూడా అదే కథ కదప్పా. నీ కణాలే నీ చర్మం రంగును తినేస్తాండాయి. బతుకంతా నేను సూసేది ఇదే. నా దగ్గర దాచుకున్నావా?"

"మీ దగ్గర కాదు మేడమ్. ఆ వరుసలో..."

"వరుస పోయి నాలుగు నెలలయింది."

ఆమె లేచి బీరువాలోంచి నా ఫారం తీశారు. 'లేవు' అన్న మాట సుగుణ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంది. నేను దాన్ని చెరిపేయబోతే ఆపారు. ల్యాబులో ఏదీ చెరపకూడదట, తెల్లసిరా పూయకూడదట. కింది మాట చదవగలిగేలా ఒక్క గీత కొట్టి, పక్కన అసలు విషయం రాసి, సంతకం, తేదీ పెట్టాలట. అలాగే చేశాను. అప్పుడామె అన్నారు, "ఇద్దరు నిజం సెప్పినారు. ఒకడు అబద్ధమాడినాడు. నేను ఆ ఒక్కన్నే నమ్మినా. యాల నమ్మినా? ప్యాంటూ చొక్కా సూసి నమ్మినా. అది నా తప్పు. రేపు పొద్దున కారెక్కు."

దారిలో చౌడేపల్లెలో ఆగి, ముందు రెడ్డెప్పకు చెప్పారు. "పోనీలే మేడమ్, నేను మందు తినలేదని ఇప్పుడన్నా తెలిసింది గదా" అన్నాడు అతను. నా వైపు చూసి ఈసారి జోకు వేయలేదు. కుప్పం చేరేసరికి ఎండ ఎక్కింది. సుగుణ అప్పటికి ఒక బట్టల ఫ్యాక్టరీలో గుండీలు సరిచూసే పనిలో చేరింది, ఆ రోజు సెలవు. ఎస్తేర్ గారు గడపలోనే నిలబడి, "నీ మాట నేను నమ్మలేదు. తప్పు నాదమ్మా" అని రెండు చేతులూ పట్టుకున్నారు. తర్వాత నా వంతు వచ్చింది. నేనేం చెప్పానో సరిగ్గా గుర్తులేదు. ఆ పిల్ల అన్నది మాత్రం గుర్తుంది.

"సెప్పింటే రాసుకోనుండేదాన్ని సార్. అంతే కదా. నేనెవురికి సెప్పుంటాను?"

మళ్లీ పనిలోకి రమ్మని ఎస్తేర్ గారు చాలా అడిగారు. కమిటీకి తానే రాస్తానన్నారు. సుగుణ తలడ్డంగా ఊపింది. "వద్దులే మేడమ్. ఇంకోసారి యాడన్నా తేడా వస్తే, ఫస్టు నాపక్కే సూస్తారు. మీరు సూడకపోయినా నాకట్ల అనిపిస్తాది." గంగప్ప మాకు టీ తెప్పించాడు. ఆ టీ నేను తాగాను. ఇప్పటికీ అదొకటి నాకు ఆశ్చర్యం.

తిరిగొచ్చేటప్పుడు పలమనేరు దాటాక ఎస్తేర్ గారు, "ఈ సంగతి రాయమని నేను అడగను. రాయాల్నో వద్దో నీకు తెలుసు" అన్నారు. రాస్తానన్నాను. ఆమె తన పరిశోధనను ఆ రోజు రక్తాలు లేకుండానే ముగించారు. రెడ్డెప్ప కణాలు మళ్లీ దొరకలేదు. జబ్బుకు కారణం తేలిందని ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. కొంత తెలిసింది, మిగతాది తెలీదని తన చివరి ఉపన్యాసంలో కూడా అన్నారు.

రెండేళ్ల కిందట ఆమె పోయారు. ఆమె గురించి నన్నే రాయమన్నారు ఆఫీసులో. ఐసుపెట్టె సంగతి రాశాను. మైక్రోస్కోపు రాశాను. చెరపకూడదన్న నియమం కూడా రాశాను, ఎక్కడ నేర్చుకున్నానో దాటేసి. ఎంతోమంది ఫోన్ చేసి మెచ్చుకున్నారు. మూడో రోజు సుగుణ చేసింది. ఇద్దరు పిల్లల తల్లి ఇప్పుడు.

"బాగా రాసినారు సార్. డాక్టరమ్మ కండ్ల ముందర నిలబడినట్లే ఉండాది. మా నాయనకు మొత్తం సదివి వినిపించినా."

"ఏమన్నాడమ్మా?"

"నా పేరుండాదా అని అడిగినాడు సార్."

వెంటనే ఆమే అందుకుంది.

"జాగా సాలకపోయింటాదిలే నాయనా అని సెప్పినా."

ఆ రోజు నాకిచ్చింది పూర్తి అరపేజీ. ఎంత రాస్తే అంత వేస్తామన్నారు. నేను రాసింది సరిపోక, అడుగున ఎస్తేర్ గారి ఫొటోను కాస్త పెద్దది చేసి వేశారు.