పన్నెండు చూపించి ఆరు కొట్టే గడియారం

మరియదాసుకి మోకాళ్ళ నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో అతనికే గుర్తు లేదు. గడియారం గుడి మెట్లెక్కడం మొదలుపెట్టినప్పటి నుంచీ అన్నా అబద్ధం కాదు. తండ్రి తోమా నుంచి అతనికి పొలమూ రాలేదు, పుట్రా రాలేదు. ఆ మెట్లు మాత్రం వచ్చాయి. ప్రతి శనివారం గోపురం పైకెక్కి, ఇనప కీ రెండు చేతులా పట్టుకుని, గసపోసుకుంటూ తిప్పాలి. తిప్పితే వారమంతా గడియారం నడుస్తుంది, గంటగంటకీ కొడుతుంది. ఊళ్ళో అందరూ అతన్ని కీ మరియదాసు అనేవారు. వారానికొకసారి ఎక్కడమే కదా అని తేలిగ్గా అనేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళెప్పుడూ ఎక్కలేదు.

దొరల కాలంలో కట్టిన చర్చి అది. చుట్టూ మిరప చేలూ పత్తి చేలే కాబట్టి గంట చాలా దూరం వినపడేది. కల్లాల్లో ఎండుమిరపకాయల ముచ్చికలు తీసే ఆడకూలీలకి ఆ గంటే పెద్దమనిషి. ఆరు కొట్టిందంటే ఒళ్ళో కాయలు దులుపుకుని లేచేవాళ్ళు. కల్లం మేస్త్రీ యలమందయ్య చేతికి వాచీ ఉంది గానీ, అది యలమందయ్య మాటే వింటుంది. గుడి గంట ఎవరి మాటా వినదు. మరియదాసు భార్య రెబ్కా పని చేసేది ఆ కల్లంలోనే.

ఎనభై నాలుగు వేసవిలో మద్రాసు నుంచి సినిమా వాళ్ళు దిగారు. హత్యల సినిమా. చివర్లో విలను గడియారం పెద్ద ముల్లు పట్టుకుని వేలాడాలి, సరిగ్గా పన్నెండింటికి జారి పడాలి. మనిషి బరువు ఆగడానికి ముల్లు వెనక ఇనప కమ్మీ పెట్టి వెల్డింగు చేశారు. లోపల చక్రాలు కదలకుండా బిగించేశారు.

"ఇంక నువ్వు పైకి రానక్కర్లేదు పెద్దాయనా, హాయిగా పడుకో" అన్నాడు వాళ్ళ మేనేజరు.

రొట్టె విరిగి నేతిలో పడింది. అన్నేళ్ళు కన్నబిడ్డలా చూసుకున్న గడియారం ఆగిపోతే మనిషన్నవాడు బాధపడాలి. మరియదాసు పడలేదు. అరుగు మీద కాళ్ళు చాపుకుని, మోకాళ్ళకి ఆముదం రాసుకుని, దేవుడికి వందనాలు చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టేశాక గానీ రెబ్కా ఇల్లు చేరలేదు. కారానికి చేతులు మండుతుంటే నీళ్ళ తొట్లో ముంచుకుని నిలబడింది.

"ఏందే ఇంతాలస్యం?"

"గంట కొట్టలేదంట. ఇంకా ఆరు కాలేదంటాడు మేస్త్రీ. పొద్దు గూకిందయ్యా అంటే, మీకు పొద్దు తెలుసా, వాచీ తెలుసా అంటాడు. ఆ గంటకి నోరు పడిపోయిందేందయ్యా?"

తను చాపుకున్న కాళ్ళు ఎవరి చేతుల మంట మీద చాపుకున్నాడో మరియదాసుకి అప్పుడు తెలిసింది. సిగ్గుతో అన్నం సయించలేదు.

షూటింగు అయిపోతే బాగవుతుందిలే అనుకున్నాడు. సినిమా వాళ్ళు సామాను సర్దుకుని పోయారు, బిగించిన చక్రాలు బిగించినట్టే వదిలేశారు. సంఘ పెద్ద జయరావుగారు ఇదిగో బాగు చేయిస్తా, అదిగో చేయిస్తా అంటుండగానే సినిమా విడుదలై ఊరూరా ఆడింది. ఇక జనం తండోపతండాలు. వాడరేవు సముద్రానికి పోయే వ్యాన్లన్నీ గుడి ముందు ఆగేవి. "విలను ఏ ముల్లుకి వేలాడాడండీ?" అనే ప్రశ్నకి జవాబు చెప్పి చెప్పి మరియదాసు నోరు ఎండిపోయేది. కానుకల పెట్టె మాత్రం ఎండలేదు.

"గడియారం అట్లా పన్నెండు దగ్గరే ఉండనీ మరియదాసూ. జనం వచ్చేదే దానికోసం. నువ్వు కింద కుర్చీ వేసుకుని కథ చెబితే చాలు. ఈ వయసులో మెట్లెందుకు నీకు?" అన్నారు జయరావుగారు.

పోయినేడాది ఆ మాట అనుంటే ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టేవాడు. ఇప్పుడు మళ్ళీ మిరప కల్లాలు మొదలయ్యాయి, రెబ్కా మళ్ళీ చీకటి పడ్డాకే వస్తోంది.

ఆ మర్నాడే మరియదాసు గుడి ఆఫీసులో గోడ గడియారం చూసుకుని, సుత్తి చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. ముళ్ళ జోలికి పోలేదు. గంట మీద ఆరు దెబ్బలు కొట్టి దిగాడు. కింద వ్యాను వాళ్ళు పగలబడి నవ్వారు, పన్నెండు చూపించి ఆరు కొట్టే గడియారం ఇదేనని.

"నవ్వులపాలు చేస్తున్నావు" అన్నారు జయరావుగారు.

"ముల్లు మీరన్నట్టే ఉందండి. గంట సంగతి మీరేం చెప్పలేదుగా."

వారానికొకసారి ఎక్కడానికే ఏడ్చినవాడికి రోజూ ఎక్కే రాత పట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. మధ్యలో మెట్ల మీద కూర్చుండిపోయేవాడు, తిట్టుకునేవాడు, లేచేవాడు. రెబ్కా మాత్రం వెలుగుండగానే ఇంటికొచ్చేది.

మండు వేసవిలో ఒకరోజు అయిదో దెబ్బ కొట్టాక చెయ్యి పైకి లేవలేదు. సుత్తి జారి చెక్కల మీద పడింది. వంగి తీసుకునే సత్తువ లేదు. గోడకి ఆనుకుని కూర్చుని, అయిపోయింది, ఇవాళ వాళ్ళని ఆ మేస్త్రీ వదలడు, అని కుమిలిపోయాడు. ఎట్లాగో కిందికి దిగి, ఈడ్చుకుంటూ ఇంటికి చేరేసరికి రెబ్కా గడప ముందు కాళ్ళు కడుక్కుంటోంది.

"ఇవాళ అయిదే కొట్టావు" అంది.

"చెయ్యి రాలేదే. మరి వాడెట్లా వదిలాడు?"

"అయిదే కదా, కూర్చోండి అన్నాడు. సుబ్బరావమ్మ లేచి నీళ్ళ బిందె మీద చెంబుతో టంగుమని ఒక్కటేసింది. ఆరు అని అందరం ఒక్కసారే అరిచి లేచొచ్చేశాం. వాడు వాచీ చూసుకుంటా నిలబడ్డాడు."

మరియదాసు అరుగు మీద కూలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలీక ముందు ఏడ్చాడు. రెబ్కా వచ్చి పక్కన కూర్చుంది. మండే చేతులతో ముట్టుకోకూడదని, మోచేత్తో అతని మోకాలు తట్టింది.

"రేపు ఎక్కమాక. బిందె మా దగ్గరే ఉంటది" అంది.